జంటమూపుల కొండకు సైకిలు దారి

అర్జునరావు సైకిలు నేర్చుకున్నది రోడ్డు మీద కాదు, సముద్రం ఒడ్డున. పోటు వెనక్కి తగ్గాక తడి ఇసుక గచ్చులా గట్టిపడుతుంది. దాని మీద పడితే మోకాలు చెక్కుకుపోదు, చూసి నవ్వడానికి పీతలు తప్ప ఎవరూ ఉండరు. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్ళు. విశాఖపట్నం జాలరిపేటలో మగవాడికి కావలసినవి తెప్ప, తెడ్డు, వల. చక్రాల మీద బతికినవాడు ఆ పేటలో అంతకు ముందు లేడు. అర్జునరావు మాత్రం సరదాకి ఎక్కాడా ఏమిటి! ఒక మబ్బు అతన్ని తెప్ప దింపి సైకిలు ఎక్కించింది. ముందు ఆ మబ్బు సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో తెప్పల మీద వేటకు వెళ్ళేవాళ్ళ దగ్గర దిక్సూచి ఉండేది కాదు. ఒడ్డున ఉన్న కొండలే గురుతులు. దగ్గర కొండ ముక్కు మీదికి వెనక కొండ మెడ వచ్చి కూర్చుందంటే అక్కడ వల వెయ్యొచ్చు. ఆ రెండూ విడిపోయాయంటే పడవ పక్కకు జరిగిపోయినట్టు. ఒక్క గురుతునే నమ్ముకుని వచ్చేవాణ్ణి నీటివాలు ఎటో లాగేస్తుంది. రెండు గురుతులు ఒక వరసలో పెట్టుకుని వచ్చేవాడు తిన్నగా ఇల్లు చేరతాడు. తండ్రి కొడుక్కి ఇచ్చే ఆస్తి ఆ గురుతులే. పొలం గట్టు జరిపినట్టు వాటిని ఎవడూ జరపలేడు.

డెబ్భై ఆరులో వాయుగుండం పట్టినప్పుడు అర్జునరావూ, అతని భార్య పోతమ్మ తమ్ముడూ తెప్ప మీద కొట్టుకుపోయారు. రెండు రోజులు ఏ దిక్కూ తెలియలేదు. మూడో రోజు పొద్దున వాన కడిగిన ఆకాశం కింద అర్జునరావు కళ్ళు తెరిస్తే, యారాడ కొండ ముక్కు నీళ్ళ మీద గోరంత కనబడింది. దానికి సరిగ్గా వెనక, సింహాచలం కొండ పల్లానికీ అవతల, ఎప్పుడూ ఏ కొండా లేని చోట, ఎద్దుకి ఒకటి బదులు రెండు మూపురాలు మొలిచినట్టు ఒక నీలి కొండ నిలబడి ఉంది. వాళ్ళ అయ్య చెప్పిన గురుతుల్లో ఆ కొండ లేదు. అయినా అర్జునరావు ఆలోచించలేదు. యారాడ ముక్కుని రెండు మూపుల నడుమ పల్లంలో పెట్టుకుని, అది అటూ ఇటూ జరగనివ్వకుండా పగలంతా తెడ్డు వేశాడు. ఇల్లు చేరాడు. బావమరిది తెప్ప మీద స్పృహ తప్పి పడి ఉన్నాడు కాబట్టి సాక్షి లేడు. తేరుకున్నాక ఆ కుర్రాడు ఇక ఉప్పునీళ్ళు ముట్టనని ఒట్టు పెట్టుకుని ఊళ్ళో ఏదో పనికి కుదిరిపోయాడు.

పేట పెద్ద కొండలరావు కథంతా విని తలపాగా సర్దుకున్నాడు. పేరులోనే అన్ని కొండలున్న మనిషి ఈ ఒక్క కొండనీ ఒప్పుకోలేదు.

"మబ్బురా అది. మబ్బుని సూసి కొండనుకున్నావు. ఏదో తల్లి దయ, బతికి వొచ్చేవు."

పెద్దమనిషి మాట పేటలో శాసనం. మర్నాటి నుంచి అర్జునరావు పేరు మబ్బు అర్జునుడు. పేరు పెట్టి ఊరుకున్నా బాగుండేది. మబ్బుని నమ్మి తెడ్డు వేసేవాడి తెప్ప ఎక్కడానికి ఒక్కడూ రాలేదు, తన తెప్ప ఎక్కించుకోడానికి ఒక్కడూ పిలవలేదు. నెల రోజులు చూసి అర్జునరావు ఒక పాత సైకిలు తెచ్చుకున్నాడు. వెనక చేపల గంప కట్టి పల్లెలకు తొక్కడం మొదలుపెట్టాడు. హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, పద్మనాభం. రోజూ అదే దారి, ఐదేళ్ళ పాటు.

ఆ దారిలోనే అతనికి రమణమూర్తి దొరికాడు. రమణమూర్తిది పద్మనాభం, రైతుల కుటుంబం, ఉద్యోగం పోర్టులో గుమాస్తా. రోజూ పొద్దున పద్మనాభం నుంచి పట్నానికి సైకిలు మీద వస్తాడు. అర్జునరావు అదే వేళకు పట్నం నుంచి పద్మనాభం వైపు వెళతాడు. ఆనందపురం కూడలిలో టీ బడ్డీ దగ్గర రెండు సైకిళ్ళూ ఎదురయ్యేవి. మొదట తలలూపుకున్నారు, తర్వాత సగం సగం టీ పంచుకున్నారు, ఆ తర్వాత బావా అంటే బావా అనుకున్నారు. మబ్బు కథ విని నవ్వనివాడు అర్జునరావుకి అప్పటికి ఒక్క రమణమూర్తే.

ఎనభై ఒకటిలో జాలరిపేట సంఘానికి ఇంజిను బోటు వచ్చింది. పేటకి అదే మొదటిది. దాన్ని నడిపే సరంగు ఎవరని ఇసుకలో కూర్చుని మాట్లాడుకున్నారు. తెప్పలు పోని లోతుల్లోకి బోటు పోతుంది. అంత లోపలికి వెళ్ళి తిరిగొచ్చినవాడు పేటలో ఒక్కడే ఉన్నాడు. ఆ మాట ఎవరో అననే అన్నారు. కొండలరావు ఒప్పుకోలేదు.

"బోటంటే తెప్ప కాదర్రా. ఎనిమిది మంది పేనాలు. మబ్బుని పట్టుకుని ఇంటికొత్తానన్నోడి సేతిలో పెడతామేటి?"

అర్జునరావు లేచి నిలబడ్డాడు. ఐదేళ్ళుగా అతను ఆ గుంపులో నోరు విప్పలేదు.

"అది మబ్బు కాదు పెద్దయ్యా. కొండే."

"అయితే సూపించు."

"సూపిత్తాను. నానెల్లి దాని నెత్తి మీద నిలబడతాను."

"నిలబడి? సెయ్యూపుతావేటి? నీ సెయ్యి మాకు సముద్రంలోకి కనబడతాదేటి?"

పేటంతా పడీ పడీ నవ్వింది. అర్జునరావు సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. నవ్వినవాళ్ళ మీద అతనికి కోపం రాలేదు. కొండలరావు అడిగినదాంట్లో న్యాయం ఉంది, దానికి తన దగ్గర జవాబు లేదు. ఆ ఉక్రోషం నాలుగు రోజులు అన్నం తిననివ్వలేదు.

జవాబు ఐదో రోజున ఇంటి పెరట్లోనే దొరికింది. మధ్యాహ్నం ఖాళీ గంపతో తిరిగొస్తుంటే, దిబ్బ మీద రోడ్డు మలుపులో ఉండగా, కింద పేటలోంచి ఒక మెరుపు వచ్చి కంట్లో పొడిచింది. సైకిలు కాస్తలో కాలవలోకి పోయేది. దిగి చూస్తే ఆ మెరుపు తన ఇంటి నుంచే వస్తోంది. ఇంటికి వెళ్ళీ వెళ్ళకముందే అరిచాడు.

"ఒలే పోతమ్మా! ఎండలో ఏటెట్టేవు?"

"పళ్ళెం తోమి ఆరెట్టేను. ఏటి మావా, దొంగని పట్టుకున్నట్టు అడుగుతావు?"

"నీ పళ్ళెం నాకు రెండు మైళ్ళ అవతలికి కనబడిందే!"

"పళ్ళెం కనబడతాది. పెళ్ళాం మాత్రం పక్కనున్నా కనబడదు," అని పోతమ్మ మూతి తిప్పింది.

సాయంత్రానికి అర్జునరావు కొండలరావు ముందు ఉన్నాడు. కొండ మీద నుంచి అద్దంతో ఎండను సముద్రం మీదికి కొడతాననీ, మూడుసార్లు మెరిపించి ఆగి, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు కొడతాననీ చెప్పాడు. మబ్బైతే మెరుపులు లెక్కపెట్టి కొట్టదు కదా అన్నాడు. కొండలరావు చాలాసేపు సముద్రం వైపు చూశాడు. చివరికి ఒప్పుకున్నాడు. కార్తీక పున్నమి వెళ్ళిన నాలుగో రోజున కొత్త బోటు మీద తానూ, ఇంకో నలుగురు పెద్దలూ లోపలికి వెళతారు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఆగుతారు.

"కనబడకపోతే?" అన్నాడు కొండలరావు.

"బోటు పేరు ఎత్తను. నాను కొండ సూసేనని మరి జల్మలో అనను."

అన్నాక గాని అర్జునరావుకి తానేం ఒడ్డాడో తెలియలేదు. బోటు పోతే పోయింది. ఆ కొండ తనను ఇంటికి తెచ్చింది. దాన్ని మబ్బని తన నోటితో తానే ఒప్పుకోవాలి. అంతకంటే చావు నయం అనిపించింది.

రమణమూర్తికి సంగతి చెప్పగానే జేబులోంచి పెన్ను తీశాడు. గుమాస్తాకి కాయితం మీద పెడితే గాని కొండయినా కొండ కాదు. ఆ దిక్కున అంత ఎత్తు కొండలు అరకువే కాబట్టి, అక్కడి నుంచి కలప తెచ్చే లారీ డ్రైవర్లను పట్టుకుని మలుపులు అడిగాడు, మైలురాళ్ళు అడిగాడు. మొదటి రోజు పద్మనాభం. రెండో రోజు గోస్తని ఏటి వెంట పైకి తాటిపూడి జలాశయం, అక్కడి నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాటు మొదలయ్యే చోటికి. మూడో రోజు ఘాటు. నాలుగో రోజు పొద్దున కొండ నెత్తి. రోజూ తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరి ఎండెక్కకముందే దిగిపోవాలని ఎర్రసిరాతో రాశాడు.

అర్జునరావుకి చదువు రాదు. కాయితం చదివించుకుని తల అడ్డంగా ఊపాడు.

"తెల్లారగట్ల వొద్దు బావా. అన్నం తిని బయల్దేరదాం."

"మిట్టమధ్యాన్నమా? మాడిపోతాం కాదేటి?"

"పొద్దుట గాలి కొండల కాడి నుంచి సముద్రానికి తోత్తాది. మధ్యాన్నం సముద్రం కాడి నుంచి కొండలకి తోత్తాది. గాలి ఈపు మీద సెయ్యేసి తోత్తానంటే, నువ్వు దానికి ఎదురు తొక్కుతానంటావేటి?"

రమణమూర్తి పెన్ను ఆగిపోయింది. పదకొండేళ్ళుగా అతను పొద్దున సముద్రం వైపు, సాయంత్రం కొండల వైపు తొక్కుతున్నాడు. రెండు పూటలా గాలి వీపు మీదే. సాటి గుమాస్తాల ముందు తొడలు చరిచి చూపించుకున్న బలమంతా గాలిదని తేలిపోయింది. అర్జునరావు అదే ఐదేళ్ళుగా చేపల గంపతో పొద్దున గాలికి ఎదురు తొక్కాడు, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఎదురే. "ముందే సెప్పొచ్చు కదా బావా," అని రమణమూర్తి చిన్నబుచ్చుకున్నాడు. ఎర్రసిరా గీతలు కొట్టేసి మళ్ళీ రాశాడు.

ద్వారకా నగర్‌లో ఒక సైకిలు షాపు మేస్త్రీ రెండు సైకిళ్ళకూ వెనక పళ్ళచక్రాలు మార్చాడు. ఉన్నవాటి కంటే పెద్దవి వేశాడు. చదునులో సైకిలు ఎద్దుబండిలా నడుస్తుంది గాని ఎత్తులో కాలు సాగుతుంది. బ్రేకు కట్టలు కొత్తవి వేశాడు. "ఎక్కడం మీ కాళ్ళ పని, దిగడం వీటి పని. వీటినే బాగా సూసుకోండి," అన్నాడు. ఆ వీధిలోనే ఒక మంగలిషాపు వాళ్ళు కొత్త అద్దం పెట్టుకుని పాతది గోడకి ఆనించి ఉంచారు. రెండడుగుల పొడవు, అంచున కాస్త మచ్చలు. దాన్ని ఎండుగడ్డిలో పెట్టి, పాత వల చుట్టి, అర్జునరావు సైకిలు వెనక కట్టారు. నెల రోజులు ముడసర్లోవ జలాశయం గట్టు దగ్గర మొదలుపెట్టి సింహాచలం కొండ మెలికల దారిలో, అద్దానికి బదులు ఇసుక బస్తా కట్టుకుని ఎక్కి దిగారు. అప్పన్నకే విసుగు పుట్టేన్నిసార్లు ఎక్కారు. మొదటిరోజు నాలుగు చోట్ల దిగి నడిపించినవాళ్ళు చివరిరోజు ఒక్కచోటా దిగలేదు.

కార్తీక పున్నమి మర్నాడు, అన్నాలు తిన్నాక బయల్దేరారు. పోతమ్మ వేపిన ఎండుచేపలు మూటగట్టి ఇచ్చింది. సముద్రపు గాలి నిజంగానే వీపు మీద చెయ్యేసింది. రమణమూర్తి కాళ్ళు ఊరికే తిరుగుతుంటే పిల్లాడిలా నవ్వాడు. ఆనందపురం దాటాక అర్జునరావు పంచె విప్పి సైకిలుకి తెరచాప కడతాడేమోనని ఒక్కసారి భయపడ్డాడు కూడా. పద్మనాభంలో రమణమూర్తి భార్య గౌరీశ్వరి ఇద్దరికీ వేడిగా వడ్డించి, "అన్నయ్యా, అద్దం మోసుకుని కొండెక్కుతున్నారు, అక్కడ కొండకి పెళ్ళిచూపులేటి?" అని అడిగింది.

రెండో రోజు పడమటి వైపు దిగుతున్న ఎండలో తాటిపూడి చేరారు. జలాశయం నిండా నీళ్ళు, నీళ్ళ చుట్టూ కొండలు, నీళ్ళలో తలకిందులుగా మళ్ళీ అవే కొండలు. అంత అందాన్ని చూసి రమణమూర్తి నోరు తెరిచాడు. అర్జునరావు మొహం మాత్రం పాలిపోయింది.

అతను వెతుకుతున్న కొండ అక్కడ లేదు. సముద్రంలోంచి చూసిన ఆ రెండు మూపులు ఏ కొండకీ లేవు. ఒకదానికి ఒకటే మూపు, ఇంకోటి బల్లపరుపు, మరోటి కోడిపుంజు తురాయి. గట్టు మీద కనబడిన ప్రతి మనిషినీ అడిగాడు. జంటమూపుల కొండా? ఎవరూ వినలేదు. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు పెద్దలు. ఇతనికి నునుపు సంగతి అలా ఉండగా కొండే కరువైంది.

అర్జునరావు గట్టు రాళ్ళ మీద కూలబడ్డాడు.

"మబ్బేనేటో బావా," అన్నాడు. ఆ మాట అతని నోట రావడం ఐదేళ్ళలో అదే మొదలు. "ఆకలి మీద ఉన్నాను. ఎండ. మబ్బే అయ్యుంటాది. నా మూలాన నీకు కాళ్ళు నెప్పులు."

ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ గట్టు వెంట వెళ్ళారు. నీళ్ళకు అవతల ఒక చిన్న కొండ, దాని వెనక ఎడంగా ఇంకో కొండ ఉన్నాయి. నాలుగడుగులు వేసేసరికి వెనక కొండ జరిగి ముందు కొండ పక్కకు వచ్చింది. ఇంకో నాలుగడుగులు వేసేసరికి రెండూ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. అర్జునరావు ఆగాడు. వెనక్కి నడిచాడు. కొండలు విడిపోయాయి. ముందుకి నడిచాడు. కలిశాయి. ఇద్దరు తోడికోడళ్ళు భుజం భుజం ఆనించి కూర్చున్నట్టు, ఒకే కొండ, రెండు మూపులు.

అతను సైకిలు వదిలేశాడు. అది గట్టు మీద దభీమని పడింది.

"బావా! అది ఒక కొండ కాదు. రెండు! దేనిదారిన అది ఉన్న రెండు కొండలు. సముద్రంలో నాను తేలిన సోటు నుంచి సూత్తేనే ఒకటవుతాయి. నాను ఎదవని, పుట్టిన కాడి నుంచి గురుతులు కలపడమే పనిగా ఉండి, ఇక్కడికొచ్చి కలిసిన కొండని ఎతుకుతన్నాను!"

"అయితే మరి ఏ కొండ ఎక్కాల?"

"కొండని ఎతకొద్దు. పైకెక్కి వెనక్కి సూడాల. సింహాచలం కొండ పల్లంలో యారాడ ముక్కు ఎక్కడ నిలబడితే కూకుంటాదో, అదే మన సోటు. సముద్రం మీద నాను దాన్ని సూసిన గీత మీదే అది నన్ను సూత్తాది."

రమణమూర్తి కాయితం తీసి, నాలుగో రోజు దగ్గర కొండ నెత్తి అన్నది కొట్టేసి గీత అని రాసుకున్నాడు.

ఘాటు రోడ్డు మూడో రోజు వాళ్ళ ఎముకలన్నీ లెక్కపెట్టింది. సింహాచలం కొండలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది ఆ ఎక్కుడు. మలుపు తిరిగితే అయిపోతుందనుకుంటే ఇంకో మలుపు. కొన్నిచోట్ల జీను మీద కూర్చోలేక నిలబడి తొక్కారు, కొన్నిచోట్ల దిగి భుజం పెట్టి తోశారు. అర్జునరావు తెడ్డు వేసినట్టు ఊపిరి లెక్కపెట్టుకుంటూ తొక్కాడు. వెనక రమణమూర్తి ఇంక నా వల్ల కాదని ఆరుసార్లు అన్నాడు, ఆరుసార్లూ ఎక్కాడు. అనంతగిరి ఇంకో రెండు మైళ్ళుందనగా, మలుపులో లారీ ఎదురొచ్చింది. అర్జునరావు పక్కకు తప్పుకున్నాడు. చక్రం కింద రాయి జారింది. సైకిలూ, మనిషీ, మంగలిషాపు అద్దమూ అన్నీ కలిసి తుప్పల్లో పడ్డాయి.

వల విప్పి చూస్తే అద్దం మూడు ముక్కలు.

రమణమూర్తి రోడ్డు పక్కన కూర్చుని తల పట్టుకున్నాడు. "పగిలిన అద్దంలో మొకం సూసుకోకూడదంటారు బావా. అపశకునం."

అర్జునరావు మోచేతి నెత్తురు తుడుచుకుంటూ పెద్ద ముక్కను పైకెత్తాడు. పోతమ్మ తోమిన పళ్ళెం అంత ఉంది. "మొకం మనమెందుకు సూసుకుంటాం? సూరీడు సూసుకుంటాడు," అని దాన్ని మళ్ళీ గడ్డిలో పెట్టి కట్టాడు.

నాలుగో రోజు పొద్దున అనంతగిరి పైనున్న గాలికొండ దగ్గర శిఖరాల వరస మీదికి సైకిళ్ళు మోసుకుంటూ ఎక్కేసరికి ఏడున్నర. కింద లోకం లేదు. లోయలన్నీ మంచుతో నిండి పాలకుండలా ఉన్నాయి. ఎనిమిదయింది. ఎనిమిదిన్నర అయింది. ఆ వేళకు బోటు మీద కొండలరావు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంటాడని ఇద్దరికీ తెలుసు. రమణమూర్తి చేతిగడియారాన్ని చూడటం మానేశాడు. మంచు పోకపోతే ఐదేళ్ళ అబద్ధం నిజమైపోతుంది. సముద్రం మీద పొగమంచు ఎలా విడుతుందో అర్జునరావుకి తెలుసు. అది తొందర పెడితే విడదు.

తొమ్మిదికి గాలి లేచింది. మంచు ముందు చిరిగింది, తర్వాత పక్కకు జరిగింది, తర్వాత ఎవరో దుప్పటి లాగేసినట్టు పోయింది. కింద తాటిపూడి నీళ్ళు, పొలాలు, ఎక్కడో చివర సింహాచలం కొండ. దాని అవతల యారాడ కొండ ముక్కు, పిల్లి చెవంత. దాని అవతల వెండి గీత.

"సముద్రం," అన్నాడు అర్జునరావు.

యారాడ ముక్కు సింహాచలం పల్లానికి కుడి పక్కన ఉంది. గీత మీద లేరు. సైకిళ్ళు ఎత్తుకుని వరస వెంట పరుగెత్తారు. ఒక బండ దాటారు, ఒక తుప్ప దాటారు. ముక్కు జరిగి జరిగి పల్లంలోకి వచ్చి కూర్చుంది. "ఆగు బావా!" అని అర్జునరావు అరిచాడు. ఇరవై అడుగుల ముందు ఒక కర్ర పాతి, కొనకు ఎర్ర తువ్వాలు చుట్టాడు. అద్దాన్ని సైకిలు జీను మీద నిలబెట్టి, అద్దం, తువ్వాలు, యారాడ ముక్కు మూడూ ఒకే వరసలోకి తెచ్చాడు. తర్వాత అద్దాన్ని కొంచెం కొంచెంగా వంచాడు. ఎండ మచ్చ గడ్డి మీద పాకి, కర్ర ఎక్కి, ఎర్ర తువ్వాలు మీద కూర్చుని మండింది. తువ్వాలు మీద పడిన ఎండ దాన్ని దాటి యారాడ మీదుగా సముద్రం మీదికి పోతున్నట్టే. రమణమూర్తి సైకిలుని రెండు చేతులతో బిగబట్టి, ఊపిరి కూడా ఆపుకున్నాడు.

అర్జునరావు అరచెయ్యి అడ్డం పెట్టి తీశాడు. ఒకటి, రెండు, మూడు. ఆగాడు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. తొమ్మిదిన్నర దాటి పది అయ్యేవరకూ కొడుతూనే ఉన్నాడు. తర్వాత మూటలోంచి కొబ్బరికాయ తీసి కొట్టి ఆ రాతి మీద సాష్టాంగపడ్డాడు. లేచేసరికి కళ్ళు తడిసిపోయి ఉన్నాయి, మొహం నిండా నవ్వు. కొండ ఉంది. కాలి కింద గట్టిగా ఉంది. అవతలివాళ్ళు చూశారో లేదో అప్పటికి తెలియదు. తనకు మాత్రం ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

దిగడం గురించి రమణమూర్తి తర్వాత పోర్టు ఆఫీసులో ఏడాది పాటు చెప్పాడు. పెడలు తొక్కకుండా మైళ్ళకు మైళ్ళు. బ్రేకు కట్టలు కాలి వాసన. మలుపు మలుపుకీ ఇద్దరూ గొంతెత్తి కేకలు. ఎక్కేటప్పుడు చూడలేకపోయిన కొండలన్నీ అప్పుడు చూశారు. శృంగవరపుకోటలో పడుకుని, మర్నాడు తెల్లారేసరికి కొండగాలిని వీపు మీద పెట్టుకుని సముద్రం వైపు తొక్కారు.

మధ్యాహ్నానికి జాలరిపేట ఇసుకలో సైకిళ్ళు దిగారు. పేట పేటంతా అక్కడే ఉంది. జనంలో పోతమ్మ కనబడింది. ఆమె మొహం చూద్దామంటే కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

కొండలరావు ముందుకు వచ్చాడు. తలపాగా తలమీద లేదు, చేతిలో ఉంది.

"మూడు," అన్నాడు. "ఆగింది. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. లెక్కెట్టేన్రా. తొమ్మిదీ ఇరవై నిమిసాలకి ఇంజిను కాడున్న సంటిగాడు మొదట సూసేడు. యారాడ ముక్కు మీద, రెండు మూపుల మజ్జిలో, సుక్క పొడిసినట్టు. అందరం సూసేం."

పోతమ్మ కొంగు తీసి గట్టిగా ఏడ్చేసింది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. రమణమూర్తిని ఎవరో ఎత్తేశారు. ఎందుకెత్తారో తెలియకపోయినా అతనికి బాగానే ఉంది. కొండలరావు మాత్రం కదల్లేదు. చెయ్యి చాచి అర్జునరావు భుజం పట్టుకున్నాడు, నలుగురికీ వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అర్జునా, ఒక మాట సెప్తాను. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు గాలికి నానూ లోపలికి పోయేను. ఆ కొండ నానూ సూసేను. రెండు మూపులు. ఇంటికొచ్చి సెప్తే మా అయ్య మబ్బన్నాడు. అందరూ నవ్వేరు. నాను మబ్బే అనుకున్నాను. యాబయ్యేళ్ళు అనుకున్నాను. నీకూ అదే సెప్పేను."

అర్జునరావు ఐదేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఆ ముసలాయన కళ్ళల్లో నీళ్ళు చూశాక పనికిరాకుండా పోయాయి.

"నువ్వు ఎల్లి దాని నెత్తి మీద నిలబడ్డావు," అన్నాడు కొండలరావు. "నాకు ఆ బుద్ధి పుట్టనేదు."

మర్నాడు పొద్దున బోటు హార్బరు దాటింది. చుక్కాని దగ్గర అర్జునరావు. అతని పక్కన తాడు చుట్ట మీద డెబ్భయ్యేళ్ళ కొండలరావు కూర్చున్నాడు, వేటకు కాదు, గురుతు నేర్చుకోడానికి. చాలా లోపలికి వెళ్ళాక, వాన కడిగిన ఆకాశం కింద యారాడ ముక్కు వెనక రెండు నీలి మూపులు లేచాయి.

"ఇదిగో పెద్దయ్యా, ఈ ముక్కుని ఆ పల్లంలో ఎట్టుకోవాల," అని అర్జునరావు చెయ్యి చాపి చూపించాడు.

కొండలరావు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, బడిలో కూర్చున్నవాడిలా బుద్ధిగా చూశాడు. "కూకుందిరా సరంగూ," అన్నాడు.

ఆ తర్వాత పేట బోట్లన్నీ ఆ గురుతు మీదే ఇల్లు చేరాయి. దాని పేరు అద్దం గురుతు. పద్మనాభానికి చేపల గంప పోవడం ఆగిపోయినా, ఆదివారం ఆదివారం గౌరీశ్వరి పొయ్యి మీదికి చేప మాత్రం వెళ్ళేది, అర్జునరావు సైకిలు మీద, మధ్యాహ్నం అన్నం తిన్నాక.